రాయబార కార్యాలయంలో నా ముప్ఫయ్యయిదేళ్ళు

(మన సంఘం వార్షిక సమావేశంలో విదేశాంగ శాఖ విశ్రాంత ఉద్యోగి అయిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు ముందు తప్పించుకోవాలనే చూశాను. మన సంఘంలో రెవెన్యూ వారున్నారు, తపాలా వారున్నారు, రైల్వే వారున్నారు, ఉపాధ్యాయులున్నారు. వారేం పని చేశారో ఊళ్ళో అందరికీ తెలుసు. నా సంగతి అలా కాదు. "ఎంబసీలో పనిచేశారట కదా, ఏం చేసేవారండీ అక్కడ?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోగా "ఏముంటుంది లెండి, విందులూ వినోదాలూ, జెండా కట్టిన కారూ" అని జవాబు కూడా వారే చెప్పేస్తారు. ఈ ముక్క చాలా ఏళ్ళుగా వింటున్నాను కనుక, ఇవాళ మైకు చేతికిచ్చారు కదా అని నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

జెండా కట్టిన కారు ఉన్న మాట నిజమే. అయితే అది రాయబారి గారిది. నేను 1978లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి, ఢిల్లీ సౌత్ బ్లాకులో అసిస్టెంటుగా చేరినవాణ్ణి. 2013లో రిటైరయ్యాను. మధ్యలో దార్ ఎస్ సలాంలో, ఒక గల్ఫ్ దేశంలో, మారిషస్‌లో, యూరప్‌లో ఒక చోట పనిచేశాను. ఎక్కడికి వెళ్ళినా నాకిచ్చింది ఒక బల్ల, ఒక స్టాంపు, బల్లకు అవతల నిలబడ్డ మనుషుల వరుస.

ముందుగా దౌత్య కార్యాలయం పని ఏమిటో చెబుతాను. 1961లో వియన్నాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. దాని మూడో అధికరణంలో ఈ పనులన్నీ వరసగా రాసి ఉన్నాయి. పరాయి దేశంలో మన దేశం తరఫున నిలబడటం ఒకటి. మన దేశ ప్రయోజనాలనూ, మన పౌరులనూ కాపాడటం రెండు. ఆ ప్రభుత్వంతో సంప్రదింపులు జరపటం మూడు. అక్కడేం జరుగుతున్నదో న్యాయమైన పద్ధతులలో తెలుసుకుని స్వదేశానికి తెలియజేయటం నాలుగు. స్నేహ సంబంధాలనూ, వ్యాపార, సాంస్కృతిక సంబంధాలనూ పెంచటం అయిదు. కామన్వెల్త్ దేశాలలో రాయబారిని హైకమిషనర్ అంటారు, మిగతా చోట్ల అంబాసడర్ అంటారు. పేరు మారుతుందే గాని పని మారదు.

కాగితం మీద అయిదు ముక్కలే. దినచర్యలోకి వచ్చేసరికి వాటికి అంతుండదు. రాజకీయ విభాగం వారు ఆ దేశపు పత్రికలన్నీ తిరగేసి, పదిమందిని కలిసి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఢిల్లీకి నివేదిక పంపుతారు. మీరనే విందులు వారికి ఆటవిడుపు కాదు. పగలు ఆఫీసులో చెప్పని మాట రాత్రి భోజనం దగ్గర ఎవరైనా చెబుతారేమోనని కాచుకుని కూర్చోవటమే. వాణిజ్య విభాగం వారు మన మందుల కంపెనీల కాగితాలు అక్కడి ఆరోగ్య శాఖలో ఎక్కడ ఆగాయో కనుక్కుంటారు. సాంస్కృతిక విభాగం వారికి నాట్యం చేసే పిల్లలకు హాలు దొరకటం దగ్గర నుంచి వీణ విమానంలో విరగకుండా రావటం దాకా అన్నీ బెంగలే. కాన్సులర్ విభాగంలో పాస్‌పోర్టులు, వీసాలు, పరదేశంలో పుట్టిన పిల్లల నమోదు, పెళ్ళిళ్ళ నమోదు, ధ్రువపత్రాల మీద సంతకాలు, జైలులో ఉన్నవారిని చూసి రావటం, యజమాని వదిలేసిన ఓడలలో చిక్కుపడ్డ నావికుల మొర, చివరగా చనిపోయినవారిని ఇంటికి పంపటం. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది ఈ విభాగంలోనే.

మనకు సంబంధించిన పని కూడా ఒకటుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లల దగ్గర ఉన్న పెన్షనరుకు నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ కావాలి కదా. "ఈయన బతికే ఉన్నాడు" అని సంతకం చేసిపెట్టే పని కూడా అక్కడి మన కార్యాలయాలు చేస్తాయి. 2014లో జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చాక కొంత సులువైంది. అంతకుముందు ఆ నెలలో నా బల్ల ముందు తలపాగాలు, చేతికర్రలు, మఫ్లర్లు బారులు తీరేవి. పలకరిస్తే చాలు, సర్వీసు చరిత్రంతా చెప్పేవారు. అప్పుడు విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నా వంతు వచ్చింది.

ఈ ఉద్యోగంలో కష్టం లేదనుకునేవారికి రెండు సంగతులు చెప్పాలి. 1984 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మన దౌత్య ఉద్యోగి రవీంద్ర మాత్రేను వేర్పాటువాదులు ఎత్తుకుపోయి చంపేశారు. 2008 జూలై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారుబాంబు పేలింది. పోయినవారిలో బ్రిగేడియర్ రవి దత్ మెహతా, మన తెలుగు అధికారి వి. వెంకటేశ్వరరావు గారు, కాపలా ఉన్న జవాన్లు, వీసాల కోసం వచ్చి నిలబడ్డ అఫ్గాన్ ప్రజలు ఉన్నారు. మెహతా గారికీ వెంకటేశ్వరరావు గారికీ మరణానంతరం కీర్తిచక్ర ఇచ్చారు. ఆ రోజు నేను యూరప్‌లో ఉన్నాను. ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం వీసా కిటికీ మాత్రం మామూలు వేళకే తెరిచాము.

ఆడవారి కష్టం ఇంకొక రకం. సి.బి. ముత్తమ్మ గారు 1949లో మన విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. హంగరీలో రాయబారిగా కూడా పనిచేశారు. ఆ రోజుల్లో సర్వీసులోని స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పెళ్ళయ్యాక సంసారం ఉద్యోగానికి అడ్డొస్తుందనుకుంటే రాజీనామా అడగవచ్చు. మగవాడికి ఈ షరతు లేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ గారి తీర్పు ఇలాంటి నియమాలను గట్టిగా మందలించింది. ఇక భార్యల సంగతి అంటారా? మా ఆవిడ ఉన్న టీచరు ఉద్యోగం వదులుకుని నా వెంట వచ్చింది. పిల్లలు ఏడు బడులు మారారు. ఇంటి నుంచి ఉత్తరాలు వారానికోసారి డిప్లొమాటిక్ బ్యాగులో వచ్చేవి. ఆ రోజు ఆఫీసులో అందరమూ ఏదో ఒక వంక పెట్టుకుని బ్యాగు గదిలోనే తిరిగేవాళ్ళం. మా అమ్మ పోయినప్పుడు నేను మూడోరోజుకు గాని ఇల్లు చేరలేకపోయాను. ఇది ఫిర్యాదుగా చెప్పటం లేదు. మిలటరీ వారికీ, రైల్వే వారికీ కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి.

ఇప్పుడు 1990 సంగతి. ఆ సంవత్సరం ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడ లక్షకు పైగా మనవాళ్ళు ఉన్నారు. ఒక్క రాత్రిలో బ్యాంకులు మూతపడ్డాయి, దినార్లకు విలువ లేకుండా పోయింది. కువైట్ నుంచి విమానాలు లేవు. బస్సులలో, లారీలలో ఇరాక్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరాలి. అక్కడి అమ్మాన్ నుంచి మన విమానాలు బొంబాయికి తీసుకువచ్చాయి. దాదాపు రెండు నెలల పాటు 488 విమానాలు, లక్షా పదకొండు వేల పైచిలుకు మనుషులు. పౌర విమానాలతో ఇంతమందిని తరలించటం ప్రపంచంలో అదే పెద్దదని చెబుతారు.

ఢిల్లీ నుంచి అదనపు చేతులుగా పంపినవారిలో నేనూ ఒకణ్ణి. అమ్మాన్‌లో మా పని చెప్పుకోవటానికి చాలా చిన్నది. వచ్చినవాడు మన దేశం వాడేనా అని చూసుకుని ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాసివ్వటం. అది పాస్‌పోర్టు లేనివాడు ఒక్కసారి స్వదేశానికి వెళ్ళటానికి పనికొచ్చే కాగితం. చాలామంది పాస్‌పోర్టులు కువైట్‌లో యజమానుల బీరువాలలోనే ఉండిపోయాయి. మరి మనవాడని ఎలా నమ్మటం? "ఏ ఊరు? దగ్గర రైల్వే స్టేషన్ ఏది? సంత ఏ వారం?" అని అడిగేవాణ్ణి. కడప జిల్లా నుంచి వెళ్ళిన ఒక తల్లి తన ఊరి సంత శుక్రవారమని చెప్పి, "ఈ వారం కూడా జరిగుంటాది గదా నాయనా" అని కళ్ళు తుడుచుకుంది. ఇంకేం సాక్ష్యం కావాలి? రాసిచ్చాను. ఆ రెండు నెలలు రూల్సు పుస్తకం మా దగ్గర లేక కాదు, ఉంది. అయితే ఆ పుస్తకం మనిషిని ఇంటికి చేర్చటానికే ఉందని అందరికీ తెలుసు. పెద్ద అధికారి దగ్గర నుంచి డ్రైవరు దాకా అలాగే పనిచేశారు.

ఇంత నేర్చుకుని కూడా నేను తరువాత ఒక తప్పు చేశాను. అది చెప్పాలనే ఇవాళ ఒప్పుకుని వచ్చాను.

అప్పుడు నేను గల్ఫ్‌లో ఉన్నాను. ఆ దేశం పేరు, ఆ కుటుంబం పేరు చెప్పను. మరణాల ఫైళ్ళు నా బల్ల మీదకే వచ్చేవి. పరదేశంలో మనిషి పోతే శవం ఇంటికి రావటానికి ఎన్ని కాగితాలు కావాలో మీకు చెబితే ఆశ్చర్యపోతారు. ఆసుపత్రి వారి మరణ ధ్రువపత్రం, పోలీసు వారి కాగితం, యజమాని అంటే కఫీలు అభ్యంతరం లేదని ఇచ్చే లేఖ, ఇంటివారి సమ్మతి పత్రం, శవం పాడుకాకుండా మందులు ఎక్కించినట్టు సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, చివరగా మా కార్యాలయం అనుమతి. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా విమానం వారు పెట్టె ఎక్కించుకోరు.

నాటి కరీంనగర్ జిల్లాకు చెందిన కుర్రవాడు. భవన నిర్మాణంలో కూలీ. పై అంతస్తు నుంచి పడిపోయాడు. అన్ని కాగితాలూ వచ్చాయి. ఇంటి నుంచి తండ్రి వేలిముద్రతో సమ్మతి పత్రం కూడా వచ్చింది. నేను సరిచూశాను. పాస్‌పోర్టులో ఉన్నది ఒక్క పేరే, దాని చివర "య్య" ఉంది. తండ్రి పంపిన పత్రంలో ముందు ఇంటిపేరు, తరువాత పేరు, చివర "య్య" బదులు "లు" ఉంది. తండ్రి పేరులో కూడా ఒక అక్షరం తేడా. ఇద్దరూ ఒకరేనని నాకు అనుమానం లేదు. మన ఊళ్ళలో ఒకే మనిషిని బడిలో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, ఇంట్లో ఒకలా పిలుస్తారని తెలుగువాణ్ణయిన నాకు తెలియదా? అయినా ఫైలు మీద "పేర్లు సరిపోలేదు, సరిచేసిన పత్రం తెప్పించవలెను" అని రాసి తిప్పి పంపాను. పై అధికారి సంతకం చేశారు. కాగితం తపాలాలో వెళ్ళింది.

అది మండలం దాకా వెళ్ళి, తిరిగి మాకు చేరేసరికి అయిదు వారాలు పట్టింది. శవం వెళ్ళింది. నేను ఫైలు మూసేశాను.

రెండు నెలల తరువాత ఆ ఊరి బడిపంతులు గారి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ తండ్రి చెప్పగా ఆయన రాసిపెట్టారు. అందులో ఒక్క తిట్టు లేదు. శవాన్ని పంపినందుకు కృతజ్ఞతలు చెప్పారు. తరువాత నాలుగు వాక్యాలున్నాయి. శవం రాకుండా దినం చేయాలా, వద్దా అని ఊరి పెద్దలు తర్జనభర్జన పడ్డారట. చేస్తే బతికున్నవాడికి చేసినట్టవుతుందేమోనని తల్లి ఒప్పుకోలేదట. శవం వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదట. "మావాని పేరు మేమే తప్పు పెట్టుకున్నాము, మన్నించగలరు" అని చివరి వాక్యం.

మిత్రులారా, ఆ ఉత్తరం చదివాక నేను ఆ పూట పని చేయలేకపోయాను. కువైట్ నుంచి వచ్చిన వాళ్ళను సంత ఏ వారమని అడిగి నమ్మినవాణ్ణి, ఈ తండ్రి వేలిముద్రను నమ్మలేదు. అక్కడ వేలమంది ఎదురుగా ఉన్నారు, కళ్ళు కనబడుతున్నాయి. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఫైలు మాత్రమే. తేడా అంతే. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఆడిట్ వారు వచ్చినా నన్ను మెచ్చుకునేవారే. అయినా అది తప్పే.

మర్నాడు పై అధికారి దగ్గరకు వెళ్ళి ఉత్తరం ముందు పెట్టాను. ఆయన తమిళుడు, ఇంటిపేర్ల గొడవ ఆయనకూ కొంత తెలుసు. ఆ రోజు నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. పేర్లలో తేడా ఉంటే కాగితం తిప్పి పంపటం లేదు. ఇక్కడి మిగతా పనులు ఆగకుండా నడిపిస్తూనే, రెండు పేర్లూ ఒకే మనిషివని ఎమ్మార్వో గారి నుంచి ఫాక్సులో ధ్రువీకరణ తెప్పించేవాళ్ళం. అయిదు వారాలు పట్టేది నాలుగైదు రోజులకు వచ్చింది. ఇందులో గొప్పేమీ లేదు. మొదటిసారే ఆ ఆలోచన రావలసింది.

తరువాత మారిషస్ వెళ్ళాను. అక్కడ తెలుగువారున్నారు. 1834 తరువాత చెరకు తోటలలో ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారి సంతతి. భాష చాలామందికి పోయింది గాని ఉగాది పోలేదు. ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మోకా అనే చోట మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి వలస రిజిస్టర్లు భద్రపరిచారు. ముత్తాతల ఊరు వెతుక్కునే వారికి ఆ రిజిస్టర్లే ఆధారం. ఓడ దగ్గర గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా పేరు రాశాడు. ఒక అక్షరం తప్పు పడితే వంశం జాడ దొరకదు. ఒక పెద్దాయన మా కార్యాలయానికి వచ్చి, రిజిస్టరులో తన తాత ఊరి పేరు రాసిన అక్షరాలు చూపించి, ఇది ఏ జిల్లా అని అడిగాడు. నాలుగు రకాలుగా చదివాను. తేల్చలేకపోయాను. గుమాస్తా చేతిలో కలం ఎంత బరువైందో నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

ఇప్పుడు ఏర్పాట్లు చాలా మెరుగయ్యాయి. 2009లో ప్రవాస భారతీయుల సహాయానికి సంక్షేమ నిధి పెట్టారు. దిక్కులేని వారి టిక్కెట్టుకూ, శవాల తరలింపుకూ అందులో నుంచి ఖర్చు పెడతారు. 2015లో మదద్ అనే పద్ధతి వచ్చింది. ఇంటి నుంచే కంప్యూటరులో ఫిర్యాదు నమోదు చేసి, అది ఎవరి బల్ల మీద ఉందో చూసుకోవచ్చు. 1963 నాటి మరో వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, పరాయి దేశంలో అరెస్టయిన మనిషికి తన దేశపు కాన్సులర్ అధికారితో మాట్లాడే హక్కు ఉన్నదని ఆలస్యం లేకుండా చెప్పాలి. కులభూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ ఈ నియమాన్ని ఉల్లంఘించిందని 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. హక్కు ఉండటం వేరు, ఉన్నదని తెలియటం వేరు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మనలో పిల్లలో మనవలో విదేశాలలో లేని ఇల్లు తక్కువ. కనుక నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఒకటి, పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం నకళ్ళు ఒక సెట్టు ఇంట్లో ఉంచుకోండి. రెండు, వెళ్ళిన చోట మన కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమనండి. ఆపద వచ్చినప్పుడు ముందు వెతికేది ఆ జాబితాలోనే. మూడు, గల్ఫ్‌కు పనికి వెళ్ళేవారైతే ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదైనవాడో కాదో తప్పక చూసుకోవాలి. విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ పని చూపిస్తానన్నవాడిని గుమ్మం ఎక్కనివ్వవద్దు. వలస అనుమతి తీసుకుని వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ఆ కాగితం నకలు కూడా ఇంట్లో ఉండాలి.

నాలుగోది అందరికీ వర్తిస్తుంది. పేర్లు సరిచూసుకోండి. పాస్‌పోర్టులో, ఆధార్‌లో, బ్యాంకులో, మన పి.పి.ఓ.లో పేరు ఒకేలా ఉందా? భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉందా, అత్తింటి ఇంటిపేరుతో ఉందా? మనం పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె ఏదో ఒక బల్ల ముందు నిలబడవలసిందే. ఆ బల్లకు ఇవతల ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు. ఆ రోజు నా బల్ల ముందుకు వచ్చిన తండ్రి పత్రంలాగా ఆమె కాగితం తిరిగి రాకూడదు. ఈ పని వచ్చే నెలకు వాయిదా వేయకండి, ఇంటికి వెళ్ళగానే పెట్టె తెరిచి చూడండి. సాయం కావాలంటే ప్రతి ఆదివారం ఉదయం నేను సంఘం గదిలో ఉంటాను. దరఖాస్తులు రాసిపెడతాను. నాకు వచ్చిన పని అదొక్కటే.